హైవే మీద తోలినా ఆరని డీపీఎఫ్ లైటు: కొలతలతో పని డైరీ

బండి, ఫిర్యాదు

1.5 లీటర్ కామన్ రైల్ డీజిల్, బీఎస్6 మోడల్, మీటరు మీద 96,400 కి.మీ. తిరిగేదంతా శ్రీకాకుళం చుట్టుపక్కలే: బలగ, ఏడు రోడ్ల జంక్షన్, అరసవల్లి, ఆమదాలవలస స్టేషన్. ఒక్కో తిరుగుడు పది పన్నెండు కిలోమీటర్లకు మించదు. డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగితే అందరూ చెప్పే మాటే ఓనరుకీ చెప్పారు: "హైవే ఎక్కించి ఎనభైలో తోలి రండి, అదే ఆరిపోద్ది." నాతవలస టోల్ దాకా పోయి వచ్చినా లైటు ఆరలేదు. వేరే చోట స్కానర్‌తో లోపం కోడ్ చెరిపించుకున్నారు. మళ్లీ వెలిగింది.

స్కానర్‌లో దొరికినవి:

- పి2463: ఫిల్టర్‌లో మసి హద్దు దాటింది
- పి2459: రీజెన్ (మసిని కాల్చే పని) మరీ తరచుగా అవసరమవుతోంది

ఈ రెండు కోడ్‌లూ ఫిల్టర్ పరిస్థితి చెబుతాయి గానీ కారణం చెప్పవు. ఫిల్టర్ విప్పి కడిగేసి పంపితే కొన్ని వందల కిలోమీటర్లు బాగానే నడుస్తుంది, తర్వాత అదే లైటు. అందుకే ఈ పనిలో ఫిల్టర్ విప్పడం చివరికి పెట్టుకున్నాం.

మొదటిసారి చదివేవాళ్ల కోసం ఒక్క సంగతి. ఫిల్టర్‌లో చేరేవి రెండు. ఒకటి మసి. అది కార్బన్, 550 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిపోతుంది. ఆ కాల్చే పనినే రీజెన్ అంటాం. రెండోది బూడిద. ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, జింకు, మెగ్నీషియం లాంటివి కాలగా మిగిలింది. దాన్ని ఏ రీజెనూ కాల్చలేదు. ఫిల్టర్ గదుల చివర గట్టిగా పేరుకుంటుంది. ఈ రెండిట్లో ఏది ఎంతుందో తేల్చకుండా పని మొదలుపెడితే డబ్బు వృథా.

దశ 1: పనిముట్లు

- సర్వీస్ రీజెన్ (బండిని నిలబెట్టి చేసే రీజెన్) చేయించగల స్కానర్, అద్దెకు: రూ.1,200
- తాపీ మేస్త్రులు మట్టం చూసుకునే లెవెల్ పైపు 4 మీటర్లు, కొంచెం ఎర్ర సిరా: రూ.120
- ఇన్‌ఫ్రారెడ్ గన్, మల్టీమీటర్, 10 కిలోల దాకా ఒక గ్రాము తేడా చూపే కాటా: షెడ్డులో ఉన్నవే

కిరాణా కొట్టులో ఉండే 30 కిలోల కాటా ఈ పనికి చాలదు. చాలావాటికి 5 గ్రాముల మెట్టు ఉంటుంది. మనం వెతికే బూడిద మొత్తమే 50 గ్రాముల లెక్క.

బండి స్కానర్ సాకెట్‌లో పెట్టే చౌక బ్లూటూత్ అడాప్టర్ ఉన్నవాళ్లకు కూడా కొంత పని జరుగుతుంది. మోడ్ 01లో 7ఏ అనే పిడ్ (ఒక్కో రీడింగ్‌కు ఉండే నంబరు) డీపీఎఫ్ ఒత్తిడి తేడాను, 7సీ వేడిని చూపిస్తాయి. అన్ని బండ్లూ ఇవ్వవు. మసి గ్రాముల లెక్క మాత్రం కంపెనీ సొంత డేటా, దానికి ఆ బండిని చదవగల స్కానర్ కావాల్సిందే.

ఇప్పటిదాకా ఖర్చు: రూ.1,320

దశ 2: చల్లటి ఇంజిన్ మీద చూసినవి

రాత్రంతా ఆపి ఉంచిన బండి మీద, తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా:

1. ఒత్తిడి సెన్సర్ రీడింగ్: 1 మిల్లీబార్. సున్నాకు అటూ ఇటూ 3 లోపు ఉంటే సరే. ఇక్కడే 10, 15 చూపిస్తే సెన్సరే తప్పు, ముందుకు వెళ్లనక్కర్లేదు.
2. ఎగ్జాస్ట్ వేడి సెన్సర్లు మూడూ: 29, 30, 29 డిగ్రీలు. షెడ్డులో గాలి 29. మూడూ ఒకే మాట చెబుతున్నాయి.
3. కూలెంట్ సెన్సర్: 29. ఇదీ సరే.
4. ఆయిల్ మట్టం: డిప్‌స్టిక్ పై గీతకు 12 మి.మీ. పైన. డీజిల్ వాసన స్పష్టంగా ఉంది.
5. సైలెన్సర్ మూతి లోపల వేలు పెట్టి తుడిస్తే బూడిదరంగు పలుచగా అంటింది, నల్ల మసి లేదు. అంటే ఫిల్టర్ పగల్లేదు. ఫిల్టర్ పగిలిన బండికి వేలు నల్లగా మారుతుంది, అప్పుడు ఏ కడుగుడూ పనికిరాదు.

నాలుగోది దగ్గర ఆగాలి. ఆయిల్ పెరగడం అంటే రీజెన్ మొదలవుతోంది, పూర్తికావడం లేదు. ఆ వేడి కోసం సిలిండర్‌లో ఆలస్యంగా కొట్టే అదనపు డీజిల్ కొంత గోడల వెంట జారి అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో చేరుతుంది. సగంలో ఆగిన ప్రతి రీజెన్ ఇంత డీజిల్ చేర్చిపోతుంది. ఆయిల్ అడుగంటిందని కంగారు పడతారు గానీ డీజిల్ బండిలో ఆయిల్ పెరిగితే అంతకంటే ఎక్కువ కంగారు పడాలి. ఆయిల్ పల్చబడి బేరింగులు అరుగుతాయి. మరీ పెరిగితే బ్రీదర్ (చాంబర్ ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఇంజిన్‌లోకి లాగి, తాళం తీసినా ఆగని పరిస్థితి వస్తుంది.

ఓనరు తెచ్చి చూపించిన ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యు-40, సీఐ-4 ప్లస్ అని ఉంది. లారీలకు మంచి ఆయిలే. డీపీఎఫ్ ఉన్న కారుకు మాత్రం పనికిరాదు. కారణం దశ 7లో.

దశ 3: లెవెల్ పైపుతో ఒత్తిడి

స్కానర్ చెప్పే ఒత్తిడి సెన్సర్ చెప్పిన మాట. సెన్సర్‌కు ఆ మాట చేరవేసేవి రెండు రబ్బరు గొట్టాలు. గొట్టం చెడితే సెన్సర్ మంచిదైనా లెక్క తప్పే. అందుకే ఫిల్టర్ మొన (రబ్బరు గొట్టం తగిలించే ఉక్కు ముక్క) దగ్గరే నేరుగా కొలవాలి. సెన్సర్ పక్కన టీ జాయింట్ పెట్టి కొలిస్తే అదే చెడ్డ గొట్టం చెప్పే అబద్ధాన్ని రెండోసారి వింటాం.

1. 1.5 మీటర్ల చెక్క పలక మీద పైపును యు ఆకారంలో బిగించి, ఎర్రనీళ్లు సగం ఎత్తు దాకా పోయండి. బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు.
2. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ ముందు, వెనక ఉన్న ఉక్కు మొనల నుంచి రబ్బరు గొట్టాలు పీకండి.
3. ఉక్కు మొన వేడికి లెవెల్ పైపు కరుగుతుంది. మొనకూ పైపుకూ మధ్య మీటరు సిలికాన్ గొట్టం పెట్టండి. ఒక కాలు ముందు మొనకు, రెండోది వెనక మొనకు.
4. నీళ్లు గంతులేస్తుంటే ఒక కాలిని క్లిప్‌తో కాస్త నొక్కండి, మట్టం నిలకడగా వస్తుంది.
5. రెండు కాళ్ల మధ్య తేడా మొత్తం కొలవండి. 10.2 మి.మీ. తేడా ఒక మిల్లీబార్.

అయిదోది చాలామంది తప్పుతారు. ఒక కాలిలో నీళ్లు 31 సెం.మీ. ఎక్కితే రెండో కాలిలో 31 దిగుతాయి, అసలు తేడా 62. ఒక వైపే చూస్తే ఫిల్టర్ సగం బాగున్నట్టు కనిపిస్తుంది. బండిని నిలబెట్టి 2,500 ఆర్‌పీఎం దాకా మాత్రమే చేయండి. రోడ్డు మీద లోడులో చేస్తే నీళ్లు మొనలోకి ఎగదన్నుతాయి.

కూలెంట్ 80 డిగ్రీలు దాటాక కొలతలు:

- ఐడిల్‌లో స్కానర్ 5 మిల్లీబార్, పైపు 11
- 2,500 దగ్గర స్కానర్ 29, పైపు 62 సెం.మీ., అంటే 61 మిల్లీబార్

ఇంత తేడా అంటే గొట్టాల దారిలో లోపం. విప్పి చూస్తే ముందు వైపు గొట్టం క్లిప్ దగ్గర బిరుసెక్కి సన్నగా చీలింది. ఉక్కు మొన లోపల తడి మసి సగానికి పైగా పూడిపోయింది. ఈ రెండూ కలవడమే అసలు దెబ్బ. చీలిక ఒక్కటే ఉంటే ఒత్తిడి పెద్దగా తగ్గదు, మొన నిండుగా గాలి అందిస్తూనే ఉంటుంది. మొన ఒక్కటే పూడితే రీడింగ్ ఆలస్యంగా వస్తుంది గానీ చివరికి సరిగ్గానే వస్తుంది. లోపలికి వచ్చేది తక్కువ, బయటికి కారేది ఎక్కువ అయినప్పుడే రీడింగ్ సగానికి పడిపోతుంది.

మొనను 3 మి.మీ. తీగతో శుభ్రం చేసి, సెన్సర్ వైపు గాలి కొట్టకుండా ఫిల్టర్ వైపు ఊదాం. సెన్సర్‌కు తగిలించి ఉండగా కంప్రెసర్ గాలి కొడితే సెన్సర్ పొర చిరుగుతుంది. రెండు గొట్టాలూ కొత్తవి, వేడికి తట్టుకునే రకం: రూ.680. పెట్రోల్ గొట్టం ముక్క వేసి సరిపెట్టే అలవాటు ఉంది, ఇక్కడ అది కొన్ని నెలలకే బిరుసెక్కుతుంది. గొట్టం సెన్సర్ నుంచి ఫిల్టర్ వైపు వాలుగా దిగాలి. మధ్యలో జారి గుంట పడితే అక్కడ నీరు నిలుస్తుంది.

కొత్త గొట్టాలతో స్కానర్ 2,500 దగ్గర 60 చూపించింది. కాసేపు నడిపాక మసి లెక్క 34 గ్రాముల నుంచి 41కి ఎక్కింది. గొట్టం మార్చగానే ఫిల్టర్ చెడిందని ఓనర్లు అనుకునేది ఇక్కడే. ఫిల్టర్‌లో ఒక్క గ్రామూ పెరగలేదు, ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) ఇప్పుడు నిజం తెలిసింది. ఈ ఇంజిన్‌కు 45 గ్రాములు దాటితే సర్వీస్ రీజెన్‌కు ఒప్పుకోదు. అంత మసి ఒక్కసారి అంటుకుంటే ఫిల్టర్ లోపలే కరిగిపోతుంది. గొట్టం సంగతి చూడకుండా 34 అన్న లెక్కనే నమ్మి రీజెన్ చేస్తే, లోపల నిజంగా ఎంతుందో తెలియకుండా నిప్పు పెట్టినట్టు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ.2,000

దశ 4: హైవే మీద ఎందుకు ఆరలేదు

స్కానర్ తగిలించి నడిపిన లాగ్ ఇది.

- ఏడు రోడ్ల జంక్షన్ ట్రాఫిక్‌లో, ఏసీ ఆన్: కూలెంట్ 81
- ఎచ్చెర్ల దాటాక, 85 కి.మీ. వేగం నిలకడగా: 72, కాసేపటికి 67
- రణస్థలం దగ్గర: 66. రీజెన్ కావాలి అన్న గుర్తు ఉంది, మొదలు మాత్రం కాలేదు
- తిరిగి ఊళ్లోకి వచ్చి ఆగినప్పుడు: 79

ఈ ఇంజిన్‌కు కూలెంట్ 70 లోపు ఉంటే ఈసీయూ రీజెన్ మొదలుపెట్టదు, మొదలైనా ఆపేస్తుంది. ఊళ్లో వేడి చాలుతుంది, కానీ ఎగ్జాస్ట్ వేడెక్కే లోపే బండి ఆపేస్తారు. హైవే మీద ఎగ్జాస్ట్ వేడి చాలుతుంది, కానీ రేడియేటర్‌కు తగిలే గాలికి కూలెంట్ పడిపోతుంది. రెండూ ఒకేసారి కుదిరే రోడ్డే లేదు. ఎంత దూరం తోలినా లైటు ఎందుకు ఆరదో ఈ నాలుగు అంకెల్లో ఉంది.

ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచాల్సిన థర్మోస్టాట్ తెరిచే ఉండిపోయింది. చలి ప్రాంతాల్లో అయితే హీటర్ పనిచేయక వెంటనే తెలుస్తుంది, పి0128 (కూలెంట్ చాలినంత వేడెక్కడం లేదు) కోడ్ కూడా పడుతుంది. మన దగ్గర గాలే ముప్పై డిగ్రీలు. కూలెంట్ ఆ కోడ్ పడే హద్దుకు కాస్త పైనే తేలుతూ ఉంటుంది. మీటరు మీద ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. చాలా బండ్లలో ఆ ముల్లు ఒక పరిధి మొత్తానికి కదలకుండా మధ్యలోనే ఉండేలా చేస్తారు. దాన్ని చూసి వేడి సరిగ్గా ఉందని చెప్పకూడదు.

స్కానర్ లేకుండా చూసే పద్ధతి:

1. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయండి.
2. రేడియేటర్‌కు వెళ్లే వేడి పైపు మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టండి. మెరిసే లోహం మీద గన్ తప్పు చూపిస్తుంది, నల్ల రబ్బరు మీదే పెట్టాలి.
3. థర్మోస్టాట్ మంచిదైతే ఇంజిన్ 80 దాటేదాకా ఆ పైపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది.

ఈ బండిలో కూలెంట్ 45 ఉన్నప్పుడే పైపు 41. ఇంజిన్‌తో పాటే వేడెక్కుతోంది.

విప్పితే వాల్వు రెండు మిల్లీమీటర్లు తెరుచుకుని ఉంది, సీటు చుట్టూ తెల్లటి పెచ్చు. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశారు. మన తీరం వైపు చాలా బోర్లలో ఆ నీళ్లు మరిగిస్తే గిన్నె అడుగున ఏం మిగులుతుందో అందరికీ తెలుసు. కొత్త థర్మోస్టాట్‌ను బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి థర్మామీటరుతో చూశాం. మీద 88 అని ఉంది, 87 దగ్గర కదిలింది. పెట్టెలోంచి తీసిన కొత్తదాన్ని కూడా ఇలా చూసే బిగించాలి, మళ్లీ విప్పే కష్టం తప్పుతుంది.

పాత నీళ్లు దింపి, తేటగా వచ్చేదాకా కడిగి, గాఢ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాం. గాలి తీయడానికి పై స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఐడిల్‌లో ఉంచాలి. థర్మోస్టాట్ హౌసింగ్‌తో సహా రూ.2,150, కూలెంట్ 3 లీటర్లు రూ.960, డిస్టిల్డ్ వాటర్ రూ.100.

మళ్లీ అదే రోడ్డు మీద 85లో నడిపితే కూలెంట్ 88 నుంచి 91 మధ్య నిలబడింది.

ఇప్పటిదాకా ఖర్చు: రూ.5,210

ఇదే దశలో చూసి పక్కన పెట్టినవి కూడా రాస్తున్నాం, మీ బండిలో అవే కారణం కావచ్చు. ఇంజెక్టర్ల రిటర్న్ (వాడకుండా వెనక్కి వచ్చే డీజిల్) నాలుగు సీసాల్లో పట్టాం, ఐడిల్‌లో రెండు నిమిషాలకు 22, 24, 21, 26 మి.లీ. ఒకటి మిగతావాటికి రెండింతలు కారితే దాన్ని అనుమానించాలి. ఇంటర్‌కూలర్ పైపుల కీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ లేదు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి) కారితే గాలి తక్కువై మసి పెరుగుతుంది, పి0299 (బూస్ట్ తక్కువ) కూడా పడవచ్చు. ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) అడిగినంత తెరిచి మూస్తోంది. ఎయిర్ ఫిల్టర్ మురికిగా ఉంది గానీ పూడిపోలేదు.

దశ 5: నిలబెట్టి రీజెన్

ముందుగా చాంబర్ నుంచి 0.8 లీటరు ఆయిల్ దింపి మట్టం రెండు గీతల మధ్యకు తెచ్చాం. పెరిగిన ఆయిల్‌తో రీజెన్ చేయకూడదు. ఆ 0.8 లీటరులో ఎంత డీజిలో ముక్కుకే తెలుస్తుంది.

1. సిమెంటు గచ్చు మీద, ఆరుబయట నిలపండి. కింద ఎండుగడ్డి, పక్కన వరిగడ్డి కుప్ప, ప్లాస్టిక్ ఏదీ ఉండకూడదు. కోతల కాలంలో కళ్లం పక్కన ఈ పని అసలు పెట్టుకోవద్దు.
2. డీజిల్ ట్యాంక్ పావు పైన ఉండాలి, లేకపోతే చాలా బండ్లు మొదలుపెట్టవు.
3. కూలెంట్ 80 దాటాలి, వేరే కోడ్‌లు ఉండకూడదు.
4. బానెట్ తెరిచి, రేడియేటర్ ముందు పెద్ద ఫ్యాన్ పెట్టండి. మంటలార్పే సిలిండర్ చేతికి అందేచోట ఉండాలి.
5. స్కానర్‌లో సర్వీస్ రీజెన్ మొదలుపెట్టి, పూర్తయ్యేదాకా పక్కనే ఉండండి.

లాగ్, ఫిల్టర్ ముందు వేడి, మసి లెక్క:

- మొదట: 190 డిగ్రీలు, 41 గ్రాములు
- 6 నిమిషాలు: 410
- 10 నిమిషాలు: 575
- 15 నిమిషాలు: 610, 33 గ్రాములు
- 25 నిమిషాలు: 625, 17 గ్రాములు
- 34 నిమిషాలు: 600, 6 గ్రాములు, పూర్తి

ఫిల్టర్ వెనక వేడి గరిష్ఠంగా 668. వెనక వేడి ముందు వేడి కంటే ఎక్కువ ఉందంటే లోపల మసి నిజంగా కాలుతోందని గుర్తు. వెనక వేడి గబగబా ఎక్కుతూ పోతుంటే భయపడి ఇంజిన్‌ను ఐడిల్‌కు వదలొద్దు. ఐడిల్‌లో ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ ఎక్కువ, వేడిని మోసుకుపోయే గాలి తక్కువ. ఫిల్టర్లు పగిలేది, కరిగేది ఎక్కువగా ఆ క్షణంలోనే. ఆర్‌పీఎం నిలబెట్టి గాలి సాగనివ్వాలి.

చల్లారాక కొలతలు: ఐడిల్‌లో 6, 2,500 దగ్గర 34 మిల్లీబార్.

మసి 6 గ్రాములకు దిగింది, ఒత్తిడి మాత్రం 34 దగ్గరే ఆగింది. ఈ సైజు ఇంజిన్‌కు, శుభ్రమైన ఫిల్టర్‌కు లోడు లేకుండా 2,500 దగ్గర 15 నుంచి 20 చూస్తుంటాం. మసి పోయాక కూడా మిగిలిన ఈ అడ్డు బూడిదదే. రీజెన్ రెండోసారి, మూడోసారి చేస్తే ఆయిల్‌లో డీజిల్ పెరగడం తప్ప ఇది తగ్గదు.

రీజెన్‌కు కాలిన డీజిల్ రూ.200 లెక్క వేశాం. ఇప్పటిదాకా ఖర్చు: రూ.5,410

దశ 6: ఫిల్టర్ విప్పి కడగడం

ఈ బండిలో క్యాటలిస్ట్ డబ్బా వేరు, డీపీఎఫ్ డబ్బా వేరు, మధ్యలో రెండిటినీ పట్టి ఉంచే వీ-క్లాంప్ పట్టీ. అందుకే కడగడం తేలిక. రెండూ ఒకే డబ్బాలో ఉన్న బండ్లలో వెనక నుంచి నీళ్లు కొడితే బూడిదంతా క్యాటలిస్ట్ గుండానే బయటికి రావాలి, కొంత అక్కడే చిక్కుతుంది. అలాంటివి ఓవెన్, గాలి యంత్రాలు ఉన్న చోటికి ఇవ్వడం మేలు.

నట్లకు ముందు రోజు సాయంత్రం తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాం. వేడి సెన్సర్‌ను గాడి ఉన్న సాకెట్‌తోనే తిప్పాలి. మామూలు రింగ్ స్పానర్ తిప్పితే వైరు మెలిపడి లోపలే తెగుతుంది. సెన్సర్ ఒక్కొక్కటి ఈ పని మొత్తంలో సగం ఖర్చు పెట్టించగలదు.

మాస్కు తప్పనిసరి, కనీసం ఎన్95. ఈ బూడిద గుడ్డ అడ్డం పెట్టుకుంటే ఆగే రకం కాదు.

1. విప్పిన ఫిల్టర్ బరువు: 7,412 గ్రాములు.
2. ముందు మొహానికి (పొగ లోపలికి వచ్చే వైపు) పాలిథిన్ సంచి కట్టి, వెనక మొహం నుంచి కంప్రెసర్ గాలి, 2 బార్‌కు మించకుండా, నాజిల్ 5 సెం.మీ. దూరంలో. బరువు 7,391. సంచిలో బూడిద 21 గ్రాములు, లేత గోధుమరంగు పిండిలా.
3. డీపీఎఫ్ క్లీనర్ ద్రవం 5 లీటర్లు, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి, వెనక వైపు నుంచి పోసి నానబెట్టాం.
4. వెనక వైపు నుంచే మామూలు కుళాయి పైపు ఒత్తిడితో నీళ్లు, తేటగా వచ్చేదాకా.
5. నీళ్లను డ్రమ్ములో పట్టి, తేరాక పైనీరు తీసి, అడుగు మడ్డిని సంచిలో కట్టాం. కాలువలోకి, చెరువులోకి వదలకూడదు, అందులో లోహాలు ఉంటాయి.

బండి కడిగే ప్రెషర్ వాషర్ ఎందుకు వాడకూడదంటే, గదుల చివర ఉన్న సన్నని మూతలు ఊడిపోతాయి, డబ్బాకూ ఫిల్టర్‌కూ మధ్య ఉన్న మెత్తని చాప కోసుకుపోతుంది. చాప పోతే ఫిల్టర్ డబ్బాలో కదిలి పగులుతుంది. బాత్‌రూమ్ యాసిడ్, కాస్టిక్ సోడా పోసేవాళ్లూ ఉన్నారు. అవి డబ్బా లోహాన్ని తింటాయి, ఫిల్టర్ మీద ఉన్న పూతనూ పాడుచేస్తాయి. సుత్తితో తట్టి బూడిద రాల్చడం గురించి చెప్పనక్కర్లేదు.

తడి ఆర్చడమే ఈ దశలో ఎక్కువ సమయం తిన్నది. రాత్రంతా నిలువుగా ఆనించి ఉంచాక కాటా మీద 7,468. కడగక ముందు కంటే బరువు పెరిగింది. డాబా మీద ఎండలో పెడితే 7,384కి వచ్చి అక్కడే ఆగిపోయింది. పైకి చూస్తే పూర్తిగా ఎండినట్టే ఉంది. మన తీరం గాలిలో తేమకు, పింగాణీ సూక్ష్మ రంధ్రాల్లో చిక్కిన నీరు ఎండకు పోదు. పెయింట్ ఆర్చే ఓవెన్‌లో నెమ్మదిగా 120 డిగ్రీలకు తెచ్చి నాలుగు గంటలు ఉంచాక 7,358. ఇంకో గంట ఉంచినా అదే అంకె. అప్పుడే ఎండింది అనాలి.

మొత్తం పోయింది 54 గ్రాములు. 7,384 దగ్గర ఆపి బిగించి ఉంటే 26 గ్రాముల నీరు లోపలుండేది. స్టార్ట్ చేయగానే అది ఆవిరై, ఒత్తిడి రీడింగ్‌ను తప్పుదారి పట్టిస్తుంది, మిగిలిన బూడిదను గచ్చులా గట్టిపరుస్తుంది.

బిగించేటప్పుడు గాస్కెట్లు, వీ-క్లాంప్ కొత్తవే. పాత క్లాంప్ ఒకసారి సాగాక మళ్లీ సమంగా పట్టదు. సెన్సర్ మరకు వేడికి పట్టేయకుండా పూత రాసి, పుస్తకంలో చెప్పిన టార్క్‌కు బిగించాం. సైలెన్సర్ మూతి నుంచి బ్లోయర్ గాలి పంపి, కీళ్ల మీద సబ్బు నీళ్లు చల్లితే ఎక్కడా బుడగ రాలేదు.

తుప్పు ఆయిల్ రూ.340, గాస్కెట్లు, క్లాంప్ రూ.1,780, క్లీనర్ రూ.1,650, నట్లు రూ.160. ఓవెన్ తెలిసినవాళ్లది, ఖర్చు వేయలేదు. ఇప్పటిదాకా ఖర్చు: రూ.9,340

కడిగాక కొలతలు: ఐడిల్‌లో 3, 2,500 దగ్గర 16. లెవెల్ పైపుతో చూస్తే 16.5 సెం.మీ. తేడా, రెండూ ఒప్పుకున్నాయి.

స్కానర్‌లో బూడిద లెక్కను సున్నా చేసింది ఇప్పుడే. ఫిల్టర్ కడగకుండా లైటు ఆర్పడం కోసం ఈ లెక్క సున్నా చేసి పంపేవాళ్లున్నారు. అలా చేస్తే ఈసీయూ ఉన్న బూడిదను లేదనుకుంటుంది, మసి లెక్క తప్పుతుంది. పి242ఎఫ్ (బూడిద హద్దు దాటింది) కోడ్ వచ్చేదాకా ఓనరుకు ఏమీ తెలియదు.

లోపలి ఫిల్టర్ పగలగొట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఆపేయమనే సలహా గురించి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన రూపానికి ఇలాంటి మార్పులు చేయడాన్ని ఒప్పుకోదు. చట్టం సంగతి అటుంచితే, ఈ బండిలో అలా చేసి ఉంటే థర్మోస్టాట్ అలాగే తెరిచి ఉండేది, ఇంజిన్ చల్లగా నడుస్తూ అరిగేది.

దశ 7: ఆయిల్

దింపిన ఆయిల్, ముందు తీసిన 0.8తో కలిపి 5.9 లీటర్లు. ఈ ఇంజిన్‌కు పట్టేది 5.1.

పోసింది 5డబ్ల్యు-30, డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ బండ్ల కంపెనీల సంఘం) సీ3 అని ఉన్నది. ఆ గుర్తుకు అర్థం ఆయిల్ కాలితే మిగిలే సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతం మించదని. సీజే-4 లారీ ఆయిల్‌కు హద్దు 1.0 శాతం. సీఐ-4కు అలాంటి హద్దే లేదు. 54 గ్రాముల బూడిద ఎక్కడి నుంచి వచ్చిందో ఈ అంకెల్లోనే ఉంది. డబ్బా ముందువైపు బొమ్మలో కారుందా లారీ ఉందా అని చూడకండి, వెనక చిన్న అక్షరాల్లో సీ2, సీ3 లాంటి గుర్తును బండి పుస్తకంతో పోల్చి చూడండి. బీఎస్6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మాత్రమే, కాబట్టి ఇంధనం వైపు నుంచి ఫిల్టర్‌కు పెద్ద ఇబ్బంది లేదు.

ఆయిల్ 5.5 లీటర్లు రూ.4,400, ఫిల్టర్ రూ.520, వాషర్ రూ.40. మొత్తం ఖర్చు: రూ.14,300, కూలీ కాకుండా.

దశ 8: రోడ్డు మీద

రణస్థలం దాటాక రీజెన్ దానంతటదే మొదలై 13 నిమిషాల్లో పూర్తయింది. తర్వాతి రీజెన్ 380 కి.మీ.కు అడిగింది. పని మొదలుపెట్టక ముందు 90 కి.మీ.కే అడిగేది, అదీ పూర్తయ్యేది కాదు.

ఓనరుకు చెప్పినవి:

- ఐడిల్ కాస్త పెరగడం, అప్పటికప్పుడు చూపే మైలేజీ పడిపోవడం, బండి ఆపగానే ఫ్యాన్ గట్టిగా తిరగడం కనిపిస్తే రీజెన్ నడుస్తోంది. వీలైతే ఇంకో పదిహేను నిమిషాలు తోలి ఆపాలి.
- సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఎగ్జాస్ట్ బాగా వేడెక్కుతుంది, మసి కొంత దానంతటదే పోతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం ఆగి ఫిల్టర్ చల్లబడుతుంది, నడుస్తున్న రీజెన్ ఆగిపోవచ్చు. అది లోపం కాదు, కిందికి వచ్చాక మళ్లీ మొదలవుతుంది.
- కూలెంట్ తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.
- ఆయిల్ 8,000 కి.మీ.కు. నెలకోసారి డిప్‌స్టిక్ చూడాలి. పై గీత దాటితే ఆ రోజే చూపించాలి.

98,100 కి.మీ. దగ్గర మళ్లీ చూసినప్పుడు: ఐడిల్‌లో 3, 2,500 దగ్గర 18, మసి 11 గ్రాములు, హైవే మీద కూలెంట్ 89, ఆయిల్ మట్టం పై గీతకు 4 మి.మీ. కింద. ముందు వైపు ఉక్కు మొనలో కొద్దిగా తడి మసి చేరింది, తీగతో తీశాం. ఊళ్లోనే తిరిగే బండికి ఆ మొనను ప్రతి ఆయిల్ సర్వీసులో చూడాలని జాబ్ కార్డు మీద రాసిపెట్టాం.